టోర్లైఫ్ చెప్పిన మైనం

ఆదివారం ఉదయం టోర్లైఫ్ తన భార్య మంచు మీద జారే స్కీలను గరాజ్‌లో బల్లకు బిగించి, వాటి అడుగున నీలం మైనం రాస్తున్నాడు. పని చిన్నదే. ఒక పొర రాయడం, కార్కు ముక్కతో రుద్దడం, మళ్ళీ ఇంకో పొర. కానీ ఆ లోయలో మగవాడి పరువంతా స్కీల అడుగునే ఉంటుంది. ఇల్లు కారినా, కారు మొరాయించినా ఎవరూ ఏమీ అనరు. మైనం ఎంపిక తప్పితే మాత్రం పెళ్ళిళ్ళలో కూడా ఆ మాటే ఎత్తుతారు.

భార్య గున్‌వోర్ కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చింది.

"ఈసారి పందెంలో వదిన నా వెనకాల రావాలి. చెప్తున్నా."

"వస్తుందిలే."

"ఏటా నా భుజం తట్టి 'బాగానే వచ్చావే' అంటుంది చూడు, ఆ 'బాగానే' వినలేక చస్తున్నా!" అని ఆవిడ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

టోర్లైఫ్ ఆకాశం చూశాడు. దారి మీద పాత మంచు గడ్డకట్టి ఉంది. దానికైతే ట్యూబులో వచ్చే జిగురు మైనమే సరైనది. కానీ పందెం వేళకు కొత్త మంచు పడుతుందని అతని నమ్మకం. కొత్త మంచుకు నీలమే రాయాలి. జిగురు రాసిన స్కీకి కొత్త మంచు అంటుకుందంటే ఇక వదలదు.

అప్పుడే గున్‌వోర్ అన్న ఓడ్‌వార్ కంచె మీంచి తొంగిచూశాడు.

"బావా, ఏం రాశావు?"

ఈ ప్రశ్నకు ఆ లోయలో ఎవడూ నిజం చెప్పడు, ఒక్క టోర్లైఫ్ తప్ప. అందుకే ఊరంతా అతన్నే అడుగుతుంది. ఓడ్‌వార్ అడుగుతున్నది తన పెళ్ళాం బెర్గ్‌లియోట్ స్కీల కోసం. 'బాగానే' అనే వదిన ఆవిడే. టోర్లైఫ్ మైనం ఉన్న చేతిని వెనక్కి దాచాడు.

"ఎర్ర జిగురు," అన్నాడు.

"బతికించావు బావా!"

టోర్లైఫ్ చెవులు వేడెక్కాయి. పుట్టి బుద్ధెరిగాక మైనం విషయంలో ఆడిన మొదటి అబద్ధం అది. ఒక్కడికే కదా చెప్పానని సర్దిచెప్పుకున్నాడు. ఆ ఒక్కడి కడుపులో మాట దాగదని మాత్రం మరిచిపోయాడు.

పందెం మొదలయ్యే చోట "టోర్లైఫ్ జిగురు రాశాడట" అన్న మాట క్షణాల్లో పాకింది. అందరూ తాము రాసుకొచ్చింది గీకేసి ట్యూబులు పిండడం మొదలుపెట్టారు. చేతి తొడుగులు, గడ్డాలు, ఎవరిదో కుక్క తోకా, అన్నీ జిగురే. గున్‌వోర్ తన స్కీలు తిప్పి చూసుకుంది.

"అన్నయ్యా, ఇది జిగురేనా?"

"నీలం! ఊరందరికీ చెప్పి పెళ్ళానికి రాయడం మరిచిపోయాడా మహానుభావుడు!"

గున్‌వోర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇటివ్వు, నేనున్నాగా," అని ఓడ్‌వార్ చెల్లెలి మీద ప్రేమకొద్దీ అందరికంటే మందంగా పట్టించాడు.

ఇవేవీ టోర్లైఫ్‌కు తెలియవు. కొండ మీద వేడి వేడి పళ్ళరసం పోసే పని అతనిది. అక్కడికి ఫోను అందదు. అనుకున్నట్టే మంచు పడటం మొదలైంది. అతనికి సంతోషమేసింది, వెంటనే ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

కాసేపటికి మనుషులు కనిపించారు. స్కీల కింద పేరుకున్న మంచు ముద్దలతో అందరూ జానెడు పొడుగు పెరిగి, బురదలో నడిచినట్టు కాళ్ళెత్తి వేస్తున్నారు. బెర్గ్‌లియోట్ వచ్చింది, ముద్దలు రాలగొట్టుకుంది, పళ్ళరసం తాగి వెళ్ళింది. అతను తలెత్తలేదు. ఆవిడ వెనకే, అందరికంటే పొడుగ్గా గున్‌వోర్ వచ్చింది.

"నువ్వెందుకు రాసుకున్నావు జిగురు?"

"నువ్వే చెప్పావట కదా!"

"నీకు కాదు!"

"నాకు కాదా? మరెవరికి?"

టోర్లైఫ్ పళ్ళరసం గ్లాసు ముందుకు జరిపాడు. గున్‌వోర్ ముందు పోతున్న వదినను చూసింది, మొగుణ్ణి చూసింది. గ్లాసు ముట్టకుండా వెళ్ళిపోయింది.

ఓస్లో నుంచి వచ్చిన ఒక పళ్ళ డాక్టరు, ఎవరినీ అడక్కుండా నీలం రాసుకుని, పందెం గెలిచి కప్పు పట్టుకుపోయాడు. క్లబ్బు హాల్లో అందరూ వాఫెళ్ళనే గళ్ళ తీపి అట్లు తింటున్నారు. తిడతారని టోర్లైఫ్ సిద్ధపడి వచ్చాడు. ఎవరూ తిట్టలేదు. ఓడ్‌వార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"సున్నా డిగ్రీల దగ్గర ఏ మైనం పనిచేస్తుందో అంతుపట్టదు, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది బావా."

అవతల బెర్గ్‌లియోట్ గున్‌వోర్ భుజం తడుతోంది. "బాగానే వచ్చావే, ఆ జిగురుతో కూడా!"

టోర్లైఫ్ ఇక భరించలేకపోయాడు. లేచి బల్ల మీద చరిచాడు.

"పొరపాటు కాదు! నీలమే రాయాలని నాకు తెలుసు. మా ఆవిడ గెలవాలని అబద్ధం చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

అందరూ తినడం ఆపి అతన్ని చూశారు. తర్వాత ఓడ్‌వార్ నిట్టూర్చాడు.

"పాపం, మైనం తప్పిందని ఒప్పుకోలేక అబద్ధాలకోరు అనైనా అనిపించుకుంటున్నాడు."

"నిజంగా అబద్ధం చెప్పాను రా!"

"సరేలే బావా, ముందు వాఫెల్ తిను. చల్లారిపోతోంది."

ఆ హాల్లో అతని మాట నమ్మింది గున్‌వోర్ ఒక్కతే. అందుకే ఆవిడ కారెక్కి ఒక్కతే వెళ్ళిపోయింది, టోర్లైఫ్ ఇంటికి నడిచి వెళ్ళాడు.