శ్రావణ్‌కుమార్ బావ, నా థర్మోస్టాట్

మీలో ఎవరి భార్యకైనా మేనబావ ఉంటే చెప్పండి. ఆ మేనబావకు కార్ల షెడ్డు కూడా ఉంటే ఇటొచ్చి నా పక్కన కూర్చోండి. నా బాధ మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

మా ఆవిడ సుమలత మేనబావ పేరు శ్రావణ్‌కుమార్. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేద్దామని పెద్దలు అనుకున్నారు, పేరుబలాలు కుదరక మానేశారు. ఆ తర్వాత నేను దొరికాను. వరస ప్రకారం ఆయన నాకు అన్న అవుతాడు. మనిషి మంచివాడు, అదే నాకు గిట్టదు. శంషాబాద్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఆయన షెడ్డు. మా ఇంట్లో మిక్సీ ఆగినా, నల్లా కారినా సుమలత మాట ఒకటే.

"మా బావ అయితే చెయ్యి పెట్టంగనే చేస్తడు."

మొన్నొకరోజు ఎయిర్‌పోర్టు రోడ్డులో మా కారు వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. ముల్లే చెడిపోయిందన్నాను. బానెట్ సందుల్లోంచి ఆవిరి కూడా మొదలయ్యేసరికి సుమలత బావకు చెప్దామని ఫోన్ తీసింది. నేను లాక్కున్నాను. ఆదివారం షాద్‌నగర్‌లో సుమలత అన్న కూతురి చీరల ఫంక్షన్. ఈలోపు బండిని నా చేత్తోనే బాగుచేయాలి. సుమలతను అందులో తీసుకెళ్ళి ఆ బావ కళ్ళముందే దిగాలి. అదీ నా పంతం.

వీడియోలు చూశాను. ఇంజన్ కాలిపోతోంది, రేడియేటర్‌కు పోయే గొట్టం మాత్రం చల్లగా ఉంది. అంటే థర్మోస్టాట్ తెరుచుకోవట్లేదు. ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళను రేడియేటర్‌లోకి వదలాల్సిన చిన్న తలుపు అది. విప్పి తెచ్చి చాయ్ గిన్నెలో మరిగించాను. నీళ్ళు కుతకుతలాడినా అది మూసుకున్నది మూసుకున్నట్టే ఉంది. రోగం దొరికిందని మురిసిపోయాను. సుమలత గిన్నెలోకి తొంగిచూసి, ఈ కూర తినేది నువ్వొక్కడివేనని చెప్పి పోయింది.

శనివారం కొత్తది తెచ్చి బిగిస్తుంటే ఆమెకు బావ దగ్గర్నుంచి ఫోన్. వాకిట్లో నిలబడి పడీపడీ నవ్వుతోంది. పెళ్ళయిన ఏడేళ్ళలో నా మాటలకు అంత నవ్వింది లేదు. నా చేతులు ఇంజన్ మీద, చెవులు వాకిట్లో. అట్లాగే బోల్టులన్నీ బిగించేశాను.

ఆదివారం పాల్మాకుల దాటామో లేదో ముల్లు మళ్ళీ ఎర్ర గీత మీదికొచ్చింది. పక్కకు ఆపాను. అదే ఫంక్షన్‌కు పోతున్న బావ కారు వెనకే వచ్చి ఆగింది. ఆయన తెల్లచొక్కా చేతులు మడిచి మా బానెట్ ఎత్తాడు. ఆయన భార్య మనీషా వచ్చి మా కారులో సుమలత పక్కన కూర్చుంది.

ఇంజన్ చల్లబడ్డాక ఆయన థర్మోస్టాట్ బయటికి తీసి నా మొహంలోకి చూశాడు.

"తమ్మీ, స్ప్రింగు ఇంజన్ దిక్కు ఉండాలె. నువ్వు ఉల్టా పెట్టినవ్."

ఈ సంగతి సుమలతకు తెలిస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ప్రతి ఫంక్షన్‌లోనూ చెప్తుంది. ఆమెకు చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"చెప్ప. గని నువ్వు నాకో మాట ఇయ్యాలె. జర ఇంట్ల పని తగ్గియ్యి. నువ్వు చపాతీలు చేస్తవట, బట్టలు ఆరేస్తవట. మీ తమ్మి ఉపేందర్‌ను చూసి నేర్చుకో అని మనీషా దినాం సతాయిస్తది. నిన్న చపాతీలు నాతోని గుడ చేపిచ్చింది. నీ పేరింటెనే నాకు కడుపు మండుతది తమ్మీ."

నన్ను చూసి కుళ్ళుకునేవాడు ఈ భూమ్మీద ఒకడున్నాడు. ఆ సంతోషంలో చపాతీలు బంద్ పెడతానని ఒప్పుకున్నాను. పార్టే నకిలీదని చెప్తానని ఆయన ఒప్పుకున్నాడు. చెయ్యీ చెయ్యీ కలిపాం. ఆయన దాన్ని తిప్పి బిగించి, నీళ్ళు పోసి, బానెట్ దించాడు.

దించగానే అద్దం వెనక రెండు మొహాలు కనిపించాయి. ఉక్కకు కిటికీలు పూర్తిగా దించుకుని కూర్చున్నారు. బానెట్ చాటున మాట్లాడితే వినపడదని మాకెందుకు అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

"అయిందా మీ ముచ్చట?" సుమలత తాపీగా అంది. "మా బావ పేరు తీస్తే నువ్వు ఉరికి చేస్తవ్. నీ పేరు తీస్తే ఆయన చేస్తడు. మా రెండిండ్లు గిట్లనే నడుస్తున్నయి. ఇగ ఆడ వంటకాడ ఉల్లిగడ్డలు కొయ్యనీకి ఇద్దరు తక్కువున్నరట. మీ పేర్లు చెప్పినం. ఎనక బండిల రండి."

మనీషా స్టీరింగు పట్టుకుని తాళం తిప్పింది. బండి ఏ ఆవిరీ లేకుండా వెళ్ళిపోయింది.

షాద్‌నగర్‌లో చుట్టాలందరూ చూస్తుండగా మా ముందు బస్తా ఉల్లిగడ్డలు గుమ్మరించారు. బావా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. కళ్ళు తుడుచుకుంటూ చూద్దును కదా, ఆయన నాకంటే సన్నగా కోస్తున్నాడు. సుమలత అటే చూస్తోంది.

నేను ఇంకో బస్తా తెమ్మన్నాను.