రాతి నక్కల గుడికి చంద్రకాంత్ యాత్ర

"వీడియో గేమ్ ఆడే ఇంట్లో లక్ష్మి నిలవదు!" తాండూరు సద్గుణ వర్తక మండలి అధ్యక్షుడు రాధాకిషన్ ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదింపజేశాడు. ఏకగ్రీవమంటే, ఒక్క మెడ మాట్లాడింది, తక్కినవి ఊగాయి. రెండో తీర్మానం ప్రకారం, అందరికన్నా దూరపు గుడికి వెళ్లొచ్చిన సభ్యుడికి 'యాత్రాభూషణ' బిరుదు.

నాపరాళ్ల వ్యాపారి చంద్రకాంత్ ఆ బిరుదు మీద మనసు పడ్డాడు. కానీ ఎరువుల దుకాణం వెంకటేశం అప్పటికే నేపాల్ వెళ్లొచ్చాడు. చంద్రకాంత్ కర్ణాటక సరిహద్దు దాటింది పెళ్లిళ్లకే. ఉక్రోషం ఆపుకోలేక, జపాన్ వెళ్తున్నానని ప్రకటించేశాడు. మండలి దండ వేసి, బాజాలతో రైలెక్కించింది. వీసా మాత్రం రాలేదు. దండతో సహా వికారాబాద్‌లో దిగి, అక్కడ ఉద్యోగం చేస్తున్న కూతురు వినీత గదిలో తొమ్మిది రోజులు తలదాచుకున్నాడు. కిటికీ దగ్గరికి కూడా పోలేదు పాపం. తాండూరు వాళ్లెవరు చూసినా పరువు గంగలో కలిసేది.

వినీత సాయంత్రం కాగానే టీవీ ముందు కూర్చుని ఒక ఆట ఆడేది. పాతకాలపు జపాన్. కత్తి కట్టిన వీరుడు కొండెక్కి, వరసగా నిలిచిన ఎర్ర తోరణ ద్వారాలు దాటి, రాతి నక్కలు కాపలా కాసే షింటో గుడిలో మొక్కుతాడు. గుడి కనబడగానే చంద్రకాంత్ చెప్పులు విడిచి లెంపలేసుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ తీసి ఫొటోలు కొట్టాడు.

"నాయినా, గిది గేము."

"దేవుడు లేని జాగ యాడున్నది బిడ్డా?" అన్నాడు చంద్రకాంత్.

తాండూరు తిరిగొచ్చాక, సన్మానం రోజు వికారాబాద్ కోవాబిళ్లలను జపాన్ ప్రసాదమని పంచాడు. అందరూ కళ్లకద్దుకున్నారు. ఒకాయన రుచిలోనే తేడా తెలుస్తోందన్నాడు. గోడ మీద ఫొటోలు పెద్దవి చేసి చూపించారు. సభలో అందరికన్నా వయసులో పెద్దదైన సత్యమ్మ కళ్లు చికిలించి చూసింది.

"చంద్రకాంతూ, నీ మొకం యాడ కనవడ్తలేదేంది? ఈపు తిప్పి నిలబడ్డ గా కత్తాయన ఎవలు?"

"గాయన పూజారి, పెద్దమ్మా. ఫొటో నేనే తీస్తే నేనెట్ల కనవడ్త?"

సభ చప్పట్లు కొట్టింది. వెంకటేశం ఓర్వలేక, తన బావమరిది ఆ పూజారి చేతనే అర్చన చేయించుకున్నాడని చెప్పాడు.

రాధాకిషన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. గోడ దగ్గరికి నడిచి, తోరణాలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చంద్రకాంత్ దొరికిపోయాననుకున్నాడు. బిరుదు సంగతి దేవుడెరుగు, ఇక ఊళ్లో తలెత్తుకోవడం ఎలా? అధ్యక్షుడు శాలువా కప్పుతూ అతని చెవి దగ్గరికి వంగాడు.

"మూడో తోరణం దాటినంక బ్రిడ్జి కూలి ఉంటది గదా. నెల సంది గాడనే సస్తున్న. నువ్వెట్ల దాటినవ్?"

చంద్రకాంత్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మా బిడ్డనడిగి చెప్త" అన్నాడు మెల్లగా.

రాధాకిషన్ గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. వీడియో గేమ్ ఆడే ఇంట్లో లక్ష్మి ఎందుకు నిలవదో మరో అరగంట వివరించాడు. మెడలన్నీ ఊగాయి. అన్నిటికన్నా గట్టిగా ఊగింది యాత్రాభూషణ చంద్రకాంత్ మెడ.