దొరగారి కడుపులో గేస్

మానవజాతిలో ఉన్నవి రెండే వర్గాలు. గేస్ ఉన్నవాళ్లు, తమకు గేస్ ఉందని ఇంకా తెలియనివాళ్లు. ఈ సిద్ధాంతం కలకత్తాలో పుట్టింది. గుండెనొప్పి, మోకాలినొప్పి, పరీక్ష తప్పడం, అభిమాన ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడం, ఇక్కడ అన్నిటికీ మూలం గేసే. వర్గభేదాలు లేని సమాజం ఎప్పుడొస్తుందో పెద్దలు చెప్పలేకపోతున్నారు గానీ, ఈ ఒక్క విషయంలో నగరం ఏనాడో సమానత్వం సాధించింది. ఆ సమానత్వాన్ని ఒక కుక్కకు కూడా వర్తింపజేయబోయేసరికి చిక్కొచ్చింది.

ఎనభైల నాటి మాట. వాట్‌గంజ్ రేవు పక్కన గంగాతీర గిడ్డంగుల సంస్థ అని ఒకటుండేది. అందులో నేను డిస్పాచ్ గుమాస్తాను (ఉత్తరాలు వేరేవాళ్లు రాసేవారు, ఆలస్యం నేను చేసేవాణ్ని). గిడ్డంగి కాపలాకు ఓ గ్రేట్ డేన్ కుక్క ఉండేది. దూడంత ఎత్తు, లోతైన ఛాతీ, సన్నని నడుము. ఎవరో ఓడ కప్తాను దాన్ని రేవులో వదిలేసి పోయాడు. దాన్ని సాకే గవరయ్య శ్రీకాకుళం వైపు మనిషి. దానికి ‘దొర’ అని పేరు పెట్టుకున్నాడు. యూనియన్‌కు ఆ పేరు నచ్చలేదు. అందుకని కాగితాల మీద మాత్రం అది ‘కాపలా సాధనం (సజీవం)’.

గవరయ్యది తాత్కాలిక ఉద్యోగం. దొర ఉన్నంతకాలం ఉంటుంది, దొర పోయిన మర్నాడు పోతుంది.

“నాను ఆడికి కూడెడతన్నానని జనం అనుకుంతారు బాబూ. ఆడే నాకెడతన్నాడు” అనేవాడు.

దొర భోజనానికి ఒక నియమావళి ఉంది. రోజుకు ఒక్కసారి, సాయంత్రం, ఒకే బాల్చీ నిండా అన్నమూ మాంసం తుక్కూ. స్టోర్‌కీపర్ కళ్లెదుటే ఆఖరి మెతుకు దాకా తినాలి (లేకపోతే మిగిలింది గవరయ్య తినేస్తాడని సంస్థ భయం). తిన్న వెంటనే గొలుసు విప్పి ఆవరణంతా పరుగెత్తించాలి, తిన్నందుకు పని కనబడాలి కదా. దొర ఆ బాల్చీని ఊపిరి తీసుకోకుండా ఖాళీ చేసి, ఇంకో బాల్చీ నీళ్లు తాగి, పిల్లుల వెంట పడేది.

ఓసారి టీకా వేయించడానికి గవరయ్య దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నన్నూ తోడు రమ్మన్నాడు. అక్కడి డాక్టరు డోర్కాస్, లిలువా రైల్వే కాలనీలో పెరిగిన మన తెలుగు పిల్ల. దొర భోజన నియమావళి విని ఆమె సూది పక్కన పెట్టింది.

“గవరయ్యగారూ, ఇలాంటి పెద్ద కుక్కలకి ఒక్కసారే అంత పెట్టకూడదండి. కడుపు ఉబ్బిపోయి మెలిక తిరుగుతుంది. తిరిగిందంటే గంటల్లో ప్రాణం పోతుంది.”

“ఉబ్బడమంటే ఏటమ్మా, గేసా?”

“మొదట గేసే” అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటా ఆమె అనకుండా ఉండాల్సింది.

ఏం చేయాలో విడమరిచి చెప్పింది. అదే తిండిని మూడు పూటలకు పంచాలి. గబగబా మింగకుండా పళ్లెంలో మింగలేనంత పెద్ద గుండ్రాయి పెట్టాలి. తినేముందూ తిన్నాకా గంటసేపు పరుగు కూడదు. తిన్న వెంటనే బాల్చీడు నీళ్లూ కూడదు. కడుపు డోలులా బిగిసి, చొంగ కారుస్తూ, కక్కబోతే ఏమీ రాకపోతే, ఇంట్లో ఏ మందూ పోయకుండా క్షణాల మీద తీసుకురావాలి.

గవరయ్య ఇదంతా బడాబాబుకు, అంటే మా హెడ్ గుమాస్తా నిబారణ్‌బాబుకు విన్నవించాడు. పాపం, సులువుగా అర్థమవుతుందని “దొరకి గేస్ దాదా” అని మొదలుపెట్టాడు. మిగతాది ఎవరూ వినలేదు.

“గేస్ నాకు లేదా?” అన్నాడు నిబారణ్‌బాబు. “పద్దెనిమిదో ఏటి నుంచీ ఉంది. నేను ఆఫీసుకు రావడం లేదా?”

పక్క బల్ల ఆయన తన గేస్ వీపులో తిరుగుతుందన్నాడు. ఆ పక్కాయనది ఎడమ చెవిలోకి ఎక్కుతుందట. ఆ పూట ఆఫీసులో జరిగిన పని అదే. చివరికి దొరకు వాము నీళ్లు మంజూరయ్యాయి.

నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మ చెప్పిందంతా నేనే రాసి పైకి పంపాను (ఆలస్యం చేయకుండా నేను పంపిన కాగితం అదొక్కటే). జవాబులు ఒక్కొక్కటే దిగాయి. మూడు పూటలు పెట్టాలంటే స్టోర్‌కీపరు మూడుసార్లు చూడాలి, అందులో ఒకటి ఆయన కునుకు వేళ, కాబట్టి కుదరదు. రాయి గురించి స్టోర్ విభాగం తేల్చి చెప్పింది: దొర అన్నానికి వాడేది రేషను బియ్యమే గనక రాళ్లు మొదటి నుంచీ సరఫరా అవుతూనే ఉన్నాయి, అదనంగా ఇవ్వడానికి వీల్లేదు.

తిన్నాక విశ్రాంతి అన్న మాట మాత్రం యూనియన్ కార్యదర్శి హరిపద దా (దా అంటే బెంగాలీలో అన్న) చెవిన పడింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

“కుక్కకు విశ్రాంతి. మరి కార్మికుడికి?” అన్నాడు. “కడుపు కార్మికుడికి లేదా?”

ఉపసంఘం ఏర్పడింది. అధ్యయనం నిమిత్తం సభ్యులు రోజూ భోంచేసి గంటసేపు పడుకున్నారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి.

ఇంతలో బంద్ ప్రకటించారు. బంద్ రోజు స్టోర్‌కీపరు రాడు. రానివాడు చూడలేడు. చూడకుండా పెట్టకూడదు. ఈ ధర్మసంకటాన్ని ఆయన చక్కగా పరిష్కరించాడు. ముందురోజే రెండు రోజుల తిండీ ఒక్కసారే, అదీ మధ్యాహ్నమే, పెట్టించేశాడు. గవరయ్య చేతులు పట్టుకు బతిమాలాడు. “నియమం” అన్నాడు స్టోర్‌కీపరు. దొరకు నియమాలు తెలియవు గనక రెండు బాల్చీలూ తినేసింది.

కాసేపటికి గవరయ్య నా బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వెళ్లి చూద్దును కదా, దొర లేస్తోంది, పడుకుంటోంది, మళ్లీ లేస్తోంది. కడుపు బిగిసిపోయింది. నోరు తెరిచి కక్కబోతుంది, చొంగ తప్ప ఏమీ రాదు. ఆఫీసంతా తరలివచ్చింది. నిబారణ్‌బాబు స్వయంగా తన సొరుగులోని గులాబీరంగు మందు తెచ్చాడు (అది ఆయన సొంత అన్నదమ్ములకు కూడా ఇవ్వడు). ఇంకొకాయన నాలుగు చుట్లు నడిపించమన్నాడు. వీపులో గేస్ ఉన్నాయన వీపు రుద్దమన్నాడు.

“ఎవులూ ముట్టుకోకండి” అన్నాడు గవరయ్య. అతనంత గట్టిగా మాట్లాడటం మేమెవరం వినలేదు. “ఇది మీ గేస్ కాదు. ఆడి పేగు మెలికడిపోతంది. బండి తెండి.”

తోపుడు బండి దొరికింది. దొరను ఎత్తి పడుకోబెట్టి గేటు దాటాం. దారి లేదు. మర్నాటి బంద్‌ను బలపరుస్తూ ఊరేగింపు బయల్దేరింది, ట్రాములు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. ఆ రోజు కలకత్తాలో కదులుతున్న వాహనం ఊరేగింపు ఒక్కటే. దాని ముందు నడుస్తున్నవాడు హరిపద దా.

గవరయ్య ఆయన కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. “దాదా, నా దొర సచ్చిపోతన్నాడు. దారీండి.”

హరిపద దా కుక్కను చూశాడు. ఆయనా మనిషే, మొహం పాలిపోయింది. మరుక్షణం నాయకుడయ్యాడు. “విశ్రాంతి లేని శ్రమకు తొలి బాధితుడు” అని ప్రకటించాడు. బండిని అందరికంటే ముందుకు లాగించాడు. “తిన్నాక పరుగు చోల్‌బే నా” అని ఒకరు అరిస్తే, వేయి గొంతులు “చోల్‌బే నా, చోల్‌బే నా” అన్నాయి. సాగదు, సాగదు అంటూనే ఊరేగింపు పశువుల ఆసుపత్రి వైపు యమజోరుగా సాగింది. చౌరస్తాలో పోలీసులు సెల్యూట్ కొట్టారు. ఎవరికి కొట్టారో వాళ్లకూ తెలియదు.

డాక్టర్ డోర్కాస్ గేటు బయట అంత జనాన్ని చూసి మొదట తలుపేసుకుంది. తర్వాత కుక్కను చూసి తీసింది. గాలి తీసి, కోసి, మెలిక విప్పి, మళ్లీ తిరగకుండా కడుపును లోపలి గోడకు కుట్టేసింది. గవరయ్య వరండాలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. దొర బతికిందని చెప్పేదాకా ఇటు తిరగలేదు. చెప్పాక ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

“మెలిక మళ్లీ పడకపోవచ్చు గానీ ఉబ్బడం ఉబ్బొచ్చు” అంది డాక్టరమ్మ. “ఇక నుంచైనా మూడు పూటలు పెట్టించండి బాబూ.”

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మా సంస్థ చరిత్రలో అంత వేగంగా ఏదీ రాలేదు. గవరయ్య దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి చదివి చెప్పమన్నాడు. దొర పక్కనే పడుకుని ఉంది, పొట్ట మీద కుట్ల చోట ఇంకా బొచ్చు మొలవలేదు.

చదివాను. ఇటీవలి విషాద సంఘటన దృష్ట్యా సిబ్బంది యావన్మందికీ మూడు పూటలా కొద్దికొద్దిగా ఫలహారం, ప్రతి ఫలహారం తర్వాతా గంటసేపు విశ్రాంతి. ఆ విశ్రాంతి వేళల్లో గిడ్డంగి భద్రతకు లోపం రాకుండా కాపలా సాధనాన్ని విధిగా ఆవరణంతా పరుగెత్తించవలెను. సదరు సాధనం భోజనం యథాప్రకారం ఒక్కసారే.

గవరయ్య దొర తల నిమిరాడు. “మరి మా దొరకేటి వొచ్చినాది బాబూ?”

“దాని పేరు మీద వచ్చింది గవరయ్యా. దానికి రాలేదు.”

గవరయ్య ఆశ్చర్యపోలేదు. అతను ప్రతి ఎన్నికలోనూ తప్పకుండా ఓటు వేసినవాడు.