కెమెరా అల్లుడి వీసా

మా వీధి కెమెరా అల్లుడు తీసిన ఫొటోని ఇంతవరకు ఏ ఆఫీసూ వెనక్కి పంపలేదు. ఆయన చెయ్యి పడితే ఆముదం తాగిన ముఖం కూడా అప్పుడే పెళ్లి కుదిరిన ముఖంలా వెలిగిపోతుంది. గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను, ఆ చెయ్యి ఎంతసేపు ఉంటుందో మాత్రం అడక్కండి.

కింద స్టూడియో, పైన అత్తగారిల్లు. భార్య నర్సు. పరాయి దేశంలో ఉద్యోగం దొరికి వెళ్లింది, అక్కడ స్థిరపడింది, మొగుణ్ణి రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. ఏళ్ల తరబడి ఎదురుచూశాక ఇంటర్వ్యూ రానే వచ్చింది. తెల్లారితే వెళ్లాలి. కాదన్నారంటే మళ్లీ వరస చివరికి పోయి నిలబడాలి.

ఇంటర్వ్యూ ముందురోజు ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆల్బములు దించడం, పెళ్లి నిజమేనని చూపడానికి దంపతులు కలిసి ఉన్న ఫొటోలు ఓ గుప్పెడు ఏరి కవర్లో పెట్టడం, స్టూడియో తెరవడం. అల్మరా ఖాళీ అయింది గాని కవరు నిండలేదు. సముద్రం ఒడ్డున భార్య, స్కూటర్ మీద భార్య, ఆసుపత్రి మెట్ల మీద యూనిఫాంలో భార్య. మొగుడు ఎక్కడా లేడు. ఎలా ఉంటాడు, కెమెరా వెనక ఉన్నాడాయె.

అత్తగారు పెళ్లి ఆల్బమ్ తెచ్చి ఒళ్లో పెట్టారు. అందులోనూ పెళ్లికూతురు ఒక్కతే కూర్చుని ఉంది. వెలుగు సరిగా పట్టడం లేదని ఆనాడు ఫొటోగ్రాఫరుతో గొడవపడి, పెళ్లిబట్టల్లోనే ఈయన కెమెరా లాక్కున్నాడు. ఆ ఫొటోగ్రాఫరు ఎలాగో తీసిన రెండు మూడింటిని కూడా తన ముఖం మీద నీడ పడిందని ఈయనే చింపి పారేశాడు.

"పోనీ, మీరే అతికించుకోండి అల్లుడుగారూ. ఊరందరికీ చేసిపెడతారుగా," అన్నారు అత్తగారు.

కంప్యూటర్ ముందు కూర్చుని, అప్పటికప్పుడు తీసుకున్న తన ముఖాన్నే తొందరలో అతికించి, మధ్యాహ్నానికల్లా ప్రతి ఫొటోలోనూ భార్య పక్కన దిగిపోయాడు. అత్తగారు మురిసిపోయి, ఉండబట్టలేక వాటిని కూతురికి పంపేశారు. వెంటనే ఫోను మోగింది.

"ఏవండీ, పెళ్లినాటికే మీకు ఇంత బట్టతల ఉంటే నేను ఒప్పుకునేదాన్నా?"

 ఆవిడ గొంతు తగ్గించింది. "ఇన్నేళ్లూ ఒక్క అబద్ధం రాయకుండా కాగితాలు నింపానండీ. ఒక్క దొంగ ఫొటో దొరికితే ఇద్దరి మాటా ఎవరూ నమ్మరు. మీ పక్కన కూర్చుని అన్నం తిని ఎన్నాళ్లయిందో తెలుసా? అవన్నీ తీసెయ్యండి."

తీసేశాడు. పాత ఫొటోలే కవర్లో పెట్టాడు.

మర్నాడు ఆఫీసు కిటికీ దగ్గర గుమస్తా వీసా ఫొటో చూసి, ఈయన్ని చూసి, మీ అబ్బాయి ఇంకా రాలేదా అని అడిగాడు. అది తన ఫొటోయే. అలవాటు కొద్దీ నెత్తి మీద జుట్టు మొలిపించి, కళ్ల కింద సంచులు చెరిపేశాడు. అది నేనేనండీ అంటే గుమస్తా నమ్మలేదు. కొడుకు బదులు తండ్రి వచ్చాడని వరసంతా గుసగుసలు పోయింది. పెద్దాయన నిలబడలేడని కాపలాదారు కుర్చీ తెచ్చి వేశాడు. పాస్‌పోర్టు, వేలిముద్రలు అన్నీ చూశాక గుమస్తా ఫొటో వెనక్కి ఇచ్చేశాడు. మూలనున్న ఫొటో మిషను దగ్గరికి వెళ్లమన్నాడు. కాబట్టి నా గుండె మీది చెయ్యి ఇక్కడ తీసేస్తున్నాను. మిషను ఆయనకి గోడ దూకుతూ పట్టుబడ్డవాడి ముఖం ఒకటి ఇచ్చింది. అది ఒక్క చూపుకే పాసయింది.

చివరికి లోపల ఆఫీసరమ్మ ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది.

"ఇందులో మీరేరి?"

"తీసింది నేనేనండీ."

"అది ఎవరైనా అనొచ్చు."

 ఆవిడ ఒక్కో ఫొటో కళ్ల దగ్గరికి తీసుకుని చూసింది. సముద్రం దగ్గర, స్కూటర్ మీద, పెళ్లిపీట మీద, అన్నిట్లోనూ అదే ముడిపడ్డ నొసలు, అదే బిగిసిన పెదవి.

"ఈవిడ ఎవరి మీద ఇంతలా విసుక్కుంటోంది?"

కెమెరా అల్లుడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నా మీదేనండీ. వెలుగు కుదిరేదాకా నేను నొక్కను, తొందరగా కానిమ్మని తను. పెళ్లినాటినుంచీ ఇదే గొడవ. రోగులందరికీ నవ్వుముఖమేనండీ, ఈ చూపు మాత్రం నాకొక్కడికే."

అలాంటి చూపు మొగుడికి తప్ప పరాయివాడికి దక్కదని, తన ఇంట్లోనూ అదే నడుస్తోందని ఆఫీసరమ్మ పకపకా నవ్వి, వీసా మంజూరు చేసింది.

వీసా మాట నిజం. ఆ నవ్వు, ఆ ముచ్చటా మాత్రం నేను కల్పించినవి. ఆవిడ ముద్ర కొట్టి, "తరువాతి వాళ్లు రండి," అంది.