గంటకి అరవై బళ్లు

ఆ సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటూ, ఈ వారంలో అమ్మని వీధి దాటించి తీరాలని ఇంజనీరు నిశ్చయించుకున్నాడు. చేయి పట్టుకుని దాటించడం కాదు, అది ఎవరైనా చేస్తారు. నిబంధనల ప్రకారం దాటించాలి. నగరంలో ఇళ్ల మధ్య వీధులు ఎంత వెడల్పుండాలో, ఎక్కడ స్పీడుబ్రేకరు వేయాలో తేల్చే పుస్తకం రాసింది ఆయనే. ఆఫీసులో ఆయన్ని వెనకాల 'కొలబద్ద' అంటారు. ఎదురుగా కూడా అంటారు గానీ, ఆయన దాన్ని పొగడ్త అనుకుంటాడు.

పిన్నిది ఎదురిల్లే. ఇరవై రెండేళ్లుగా అమ్మ రోజూ సాయంత్రం వీధి దాటి వెళ్లి, చెల్లెలితో తనివితీరా పోట్లాడి వచ్చేది. పోయిన నెల ఒక మోటారుసైకిలు ఆవిడ మోచేతిని రాసుకుంటూ పోయింది. అప్పట్నుంచి గేటు పట్టుకుని నిలబడుతోందే గానీ అడుగు బయటపెట్టడం లేదు. పిన్నికి మోకాళ్లు సహకరించవు.

"పెద్దసారుకి ఒక్క మాట చెబితే స్పీడుబ్రేకరు పడిపోతుంది కదండీ" అంది భార్య.

"రూలు రాసినవాణ్ణి నేనే అడ్డదారి తొక్కితే ఊళ్లో ఎవడు వింటాడు? మన వీధిలో బళ్ల లెక్క తీయిస్తున్నా. లెక్క కుదిరితే దర్జాగా వేయిస్తా."

"ఎంత లెక్క కుదరాలి?"

"చెప్పినా నీకర్థం కాదులే. ఎవరితోనూ అనకు."

గంటకి అరవై బళ్లకి మించకపోతే స్పీడుబ్రేకరు. ఆ ఒక్క ముక్కా చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ముందే తెలిస్తే జనం లెక్క చెడగొడతారని కూడా పుస్తకంలో ఆయనే రాశాడు.

బుధవారం వీధి చివర ఇద్దరు కుర్చీలేసుకుని కాగితాల మీద గీతలు పెట్టడం మొదలెట్టారు. అరగంటలో వార్త గుప్పుమంది. రిటైరైన డ్రిల్లు మాస్టారు మీసం దువ్వి గుట్టు విప్పాడు.

"లెక్కపెడుతున్నారంటే కొత్త రోడ్డు వేస్తారన్నమాట. బళ్లు తక్కువ తేలాయా, ఈ గుంతలు మనకి శాశ్వతం. తిప్పండర్రా!"

తిప్పారు. టైలరు కొట్టు మూసి మోపెడ్ తీశాడు. పిన్ని కొడుకు సెలవు పెట్టి మరీ కారులో నలభై చుట్లు కొట్టాడు. సాయంత్రం ఇంజనీరు ఇంటికి రాగానే భార్య మంచినీళ్లిచ్చి నవ్వింది.

"వీధంతా తిరుగుతుంటే చూస్తూ కూర్చోలేకపోయానండీ. మీకోసం నేనూ స్కూటర్ మీద పద్దెనిమిది సార్లు తిరిగా."

"తక్కువ ఉండాలే! తక్కువ!"

"ఆ ముక్క మొన్నే ఏడవచ్చుగా!"

గంటకి రెండువందల పద్నాలుగు తేలింది. పుస్తకం ప్రకారం రెండువందలు దాటితే అది వీధి కాదు, లింకు రోడ్డు. వెడల్పు చేసి తీరాలి.

"లెక్క తప్పు సార్, మళ్లీ తీయిద్దాం" అన్నాడు మర్నాడు పెద్దసారుతో.

"అయిదేళ్లదాకా మళ్లీ తీయకూడదని రాసింది నువ్వేగా? పలుకుబడి ఉన్నవాళ్లు తమకి నచ్చేదాకా తీయిస్తారన్నావు. అయినా తప్పని నీకెలా తెలుసు?"

భార్య కొట్టిన పద్దెనిమిది చుట్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. చెబితే లెక్క రద్దవుతుంది, దాంతోపాటు తన ఉద్యోగమూ పోవచ్చు. ఆయన సంతకం పెట్టేశాడు. అది పిరికితనం, దానికి ఇంకో పేరు పెట్టడం అనవసరం.

మూడు నెలల్లో ప్రహరీలు కూలాయి.

"రోడ్డేస్తారన్నావు కదయ్యా!" అని టైలరు వెళ్లి డ్రిల్లు మాస్టారి చొక్కా పట్టుకున్నాడు.

"వేశారుగా. నీ కొట్టు మీంచి వేశారు, నేనేం చెయ్యను?"

లారీలొచ్చాయి. నడుమెత్తు డివైడరూ వచ్చింది, అదీ పుస్తకం ప్రకారమే. ఇప్పుడు పిన్ని ఇంటికి వెళ్లాలంటే అర కిలోమీటరు అటు, మళ్లీ అర కిలోమీటరు ఇటు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చెల్లెలితో ఫోనులో పోట్లాడి చూసింది. ఆ మోతలో ఒకరి తిట్లు ఒకరికి వినపడక, నాలుగు రోజులకి అదీ మానుకుంది.

"దాని గొంతు విని ఎన్నాళ్లయిందిరా" అంది కొడుకుతో. ఆయన చెప్పులు వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ఆ రోడ్డు దాటుతూ దెబ్బతిన్నవాళ్లు ఒక్కరూ లేరని నివేదిక రావడంతో, ఇంజనీరుకి ప్రశంసాపత్రం ఇచ్చారు.