అభిప్రాయాలకు భోజనాలు

“ఈసారి వచ్చేవాళ్ళకి కుర్చీలు చాలవేమోరా,” అంది వీరవేణి, కొడుకు రెండో ఆల్బమ్ ఇంకా విడుదల కాకముందే. ఆల్బమ్ విన్నవాళ్ళ అభిప్రాయాలు చేతిసంచులతో పాడినవాళ్ళ ఇంటికి వచ్చి దిగుతాయని కాకినాడలో తెలియనివాళ్ళు లేరు. “చాలినా, అందులో ఏదైనా మంచం పట్టిందనుకో, మన మీదకే వస్తుంది.”

కొడుకు లోవరాజు ‘తుప్పు’ అనే మెటల్‌కోర్ బ్యాండులో గాయకుడు. గిటార్లు రంపపు మిల్లులా కోస్తూ ఉంటే మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరవడం అతని పని. మొదటి ఆల్బమ్‌లో పాటలన్నీ మూడేసి నిమిషాలు. అప్పుడు వచ్చిన అభిప్రాయాలు నాలుగే. లోవరాజు వాకిట్లోకి వచ్చి ఒక్కొక్కదానికి ఒక్కో కేక పెట్టాడు, అవి టీ తాగి వెళ్ళిపోయాయి. నియమం అంతే. అభిప్రాయం ఎవరి గురించి పుట్టిందో వాళ్ళ నోటి నుంచి జవాబు వినేదాకా ఆ ఇంట్లోనే ఉంటుంది. అంతవరకూ తిండీ, పక్కా ఆ ఇంటివాళ్ళవే.

రెండో ఆల్బమ్ అలాంటిది కాదు. పాటలు పదకొండేసి నిమిషాలు సాగుతాయి. మధ్యలో గిటారు నెమ్మదిస్తుంది, దరువు ఏడు దెబ్బల లెక్కకి పోయి ఐదుకి తిరిగొస్తుంది, అరిచే మనిషి ఉన్నట్టుండి మామూలు గొంతుతో పాడతాడు.

అన్నిటికంటే ముందు ‘మొదటిదే బాగుంది’ వచ్చింది. లావుపాటి అభిప్రాయం. విడుదలకు రెండు రోజుల ముందే వచ్చి, వీరవేణి భర్త గంగరాజు పడకకుర్చీలో కూర్చుంది.

“రెండోది ఇంకా రాలేదు కదండీ?” అని గంగరాజు మర్యాదగా అడిగాడు.

“ఆయ్. వచ్చాక రద్దీగా ఉంటదని ముందే వచ్చేశానండి,” అంది అది, కాళ్ళు బారజాపుతూ. గంగరాజు ఆ రోజు నుంచి గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకున్నాడు.

తరవాత మిగతావి దిగాయి. ‘ఇప్పుడు ఎదిగారు’ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, కాఫీలో చక్కెర వద్దంది. ‘గొంతు మెత్తబడిపోయింది’, ‘మెత్తబడాల్సినంత మెత్తబడలేదు’ ఒకే ఆటోలో వచ్చి, ఒకే గదిలో పడుకోమని భీష్మించాయి. ‘పదిలో ఆరు’ నెమ్మదస్తురాలు. పది ఇడ్లీలు పెడితే ఆరు తిని, నాలుగు ఎందుకు వదిలేసిందో చెప్పకుండా చేయి కడుక్కునేది. వీరవేణి అన్నిటికీ వడ్డించింది. పులుసు ఎక్కువ పోస్తే దాని మీద కూడా అభిప్రాయం పుట్టి, పెరట్లో ఇంకొకటి చేరుతుందేమోనని ఆమె గరిటెతో కొలిచి కొలిచి పోసేది.

అయితే ఆమె అసలు భయం వంటింట్లో లేదు. ఆల్బమ్ విడుదలైననాటి నుంచి లోవరాజు నోరు విప్పలేదు. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. ఉప్పు కావాలన్నా వేలితో చూపించేవాడు. నెలాఖరున విశాఖలో పెద్ద ప్రదర్శన ఉంది. నరం తెగిందో, గడ్డ లేచిందో అని వీరవేణి అతన్ని గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు దీపం పెట్టి చూసి, “శుభ్రంగా ఉందమ్మా,” అన్నాడు. అంత శుభ్రంగా ఉందంటే ఏదో దాస్తున్నాడని ఆమెకు రూఢి అయిపోయింది.

పైగా నెలాఖరుదాకా జవాబు దొరకని అభిప్రాయాన్ని ఇంటి మనిషి కింద లెక్కేస్తారు. ఎదురింటి కనకమాలక్ష్మి సంగతి వీధిలో అందరికీ తెలుసు. పెళ్ళిచూపుల్లో ఆమె నలుపు గురించి పుట్టిన ఒక అభిప్రాయం అప్పుడు జవాబు దొరక్క ఉండిపోయి, ఇప్పుడు ఆమె మనవరాళ్ళకి జడలు వేస్తోంది. పనిమంతురాలని పేరు కూడా తెచ్చుకుంది.

నెలాఖరు దగ్గర పడ్డాక వార్డు సచివాలయం నుంచి హారతి అనే అమ్మాయి ఇంట్లో మిగిలిన అభిప్రాయాల తనిఖీకి వచ్చింది. తలుపుల వెనకా, బల్లల కిందా చూసి, చెప్పులు మళ్ళీ వేసుకుంటూ ఆగింది.

“మీ అబ్బాయి చెప్పడం లేదని బాధపడకండి ఆంటీ. చెప్పలేడు. కేకలకైతే వరస లేదు గానీ, ఈసారి మామూలు గొంతుతో పాడారు కాబట్టి జవాబు మాటల్లోనే ఇవ్వాలి, మాటలైతే వచ్చిన వరసలోనే చెప్పాలి కదండీ. ముందొచ్చినదానికి చెప్పందే తరవాతివాటికి నోరు పెగలదు.”

“ముందొచ్చింది ఈ పడకకుర్చీదే కదమ్మా?”

“నేనే ఫస్టండి,” అంది ‘మొదటిదే బాగుంది’, వక్కపొడి నములుతూ.

“కాదండి. ఇంకోటుంది. బాబు మంచం కింద.”

వీరవేణి కొడుకు గదిలోకి వెళ్ళి వంగి చూసింది. మంచం కింద, గోడవారగా, చిన్న అభిప్రాయం ఒకటి ముడుచుకుని కూర్చుని ఉంది. ఒంటిమీద వీరవేణి పాత నేత చీర. చేతిలో మిరియాల పాల గ్లాసు. పాలు మీగడ కట్టి ఎన్నాళ్ళయిందో. “వద్దురా నాన్నా, నీకేదో అయిపోతుంది,” అని అది తనలో తాను అనుకుంటోంది. లోవరాజు ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో మొదటిసారి అరిచిన రోజున పుట్టిందట. అప్పటి నుంచి ఎవరి కంటా పడకుండా అతని వీపు కిందే ఉంటోంది.

“ఇది నాదేనమ్మా,” అంది వీరవేణి.

“మీరు ఆ పాటలు విన్నారా అండి?”

“అమ్మో, లేదమ్మా. వింటే గుండె ఆగిపోదూ!”

“మరేం పర్లేదండి. వినకుండా పుట్టినవాటికే ఆరోగ్యం ఎక్కువ,” అంది హారతి. “దీనికి బాబు ఏదో ఒకటి చెప్తే చాలు. ఏమో అన్నా జవాబే.”

లోవరాజు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వీరవేణి అతని పక్కన మంచం మీద చేరి, చెవుల్లో పెట్టుకునేవి తీసుకుని, చెవి తెగుతుందేమోనని పమిట కొంగు అడ్డం పెట్టుకుని మరీ పెట్టుకుంది. అభిప్రాయాలన్నీ గుమ్మం దగ్గర గుమిగూడాయి. పాట మొదలైంది. రంపాలు కోశాయి. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. కొంతసేపటికి గిటార్లు తప్పుకుని దరువు ఒక్కటే మిగిలింది. ఊళ్ళో ఎవరికీ లెక్క అందలేదన్న దరువు అదే. వీరవేణి వేళ్ళు వాటంతట అవే కదిలాయి. గ్యాస్ కట్టిందా లేదా అని మూడుసార్లు, వెనక తలుపు రెండుసార్లు, వాడి నుదురు ఒకసారి, నమ్మకం చాలక మళ్ళీ గ్యాస్. ఏడు. పడుకునేముందు రోజూ తను ఇల్లంతా తిరిగే తిరుగుడు. ఆ అడుగుల మీద కొడుకు మామూలు గొంతుతో పాడుతున్నాడు.

‘తల ఊపడానికి లెక్క దొరకడం లేదు’ అనే అభిప్రాయం ఆమె వేళ్ళ వంక చూసి చక్కగా తల ఊపింది. జవాబు రాలేదు కాబట్టి, నిబంధన ప్రకారం ఎక్కడికీ వెళ్ళలేదు.

పాట అయిపోయింది. వీరవేణి మంచం కిందకి చేయి చాపి తన అభిప్రాయాన్ని బయటికి లాగి, చీర దులిపి, కొడుకు ఎదుట నిలబెట్టింది.

“లోవా, దీనికేదో ఒకటి చెప్పరా. నీకేమన్నా అవుతుందా అని అడుగుతోంది. పాపం, ముసలిదైపోయింది.”

లోవరాజు మీగడ కట్టిన గ్లాసు వంక చూశాడు. ‘పదిలో ఆరు’ నమలడం ఆపింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కరెంటు వచ్చి ఫ్యాను మళ్ళీ తిరిగింది. గంగరాజు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. వీధిలో కూరల బండివాడు ఈ చివరి నుంచి ఆ చివరికి కేక వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంక వీడు మాట్లాడడు, ఈ చీరా ఈ గ్లాసూ వీడి పెళ్ళాం కాలంలో కూడా ఇక్కడే ఉంటాయి, అనుకుంది వీరవేణి.

“ఏమో అమ్మా,” అన్నాడు లోవరాజు. “అవ్వొచ్చు. మంచం కింద నేల చల్లగా ఉంటుంది, దాన్ని పైకొచ్చి పడుకోమను. ఆ పడకకుర్చీదాన్ని లోపలికి పంపు.”