సముద్రానికి మైకు పర్మిషన్

ఆ ఆదివారం పొద్దున శ్రీధర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్పిట్టు తినడం, మేనత్త యశోదమ్మ ఇంటికి వెళ్ళి కార్తీక పౌర్ణమికి తానూ భార్యా ఊళ్ళో ఉండబోమని ఒక మాట చెప్పడం, తిరిగివచ్చి పడుకోవడం. మండికల్‌లో పెద్దవాళ్ళకు చెప్పకుండా ఊరు దాటితే ఆ తర్వాత ఏడాదంతా దాని గురించే వినవలసి వస్తుంది.

శ్రీధర చిక్కబళ్ళాపురంలో రేష్మె ఇలాఖెలో, అంటే పట్టు శాఖలో, గుమాస్తా. రోజంతా పట్టుగూళ్ళ కాగితాల మధ్య కూర్చునే మనిషి. భార్య అంబుజాక్షి ఇంట్లోనే పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతుంది. బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ పైకి రాని సీమలో పుట్టి పెరిగిన వాళ్ళిద్దరూ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం అంబుజాక్షి ఫోనులో లక్షద్వీపాల వీడియో చూసింది. గాజులాంటి నీళ్ళు. నీళ్ళ అడుగున పగడాల తోటలు. వాటి మీదుగా ఏ తొందరా లేకుండా ఈదుకుంటూ పోతున్న ఒక తాబేలు. అప్పటినుంచి ఆమె దగ్గర నేర్చుకునే పిల్లల క్రేయాన్ పెట్టెలన్నింటిలో నీలిరంగే ముందుగా అయిపోతూ వచ్చింది. పొయ్యి మీద చారు పొంగిపోతున్నా ఆమె కిటికీలోంచి ఎర్రగుట్టల వైపు చూస్తూ, అవి నీళ్ళలో మునిగి ఉంటే ఎలా ఉంటాయా అని ఆలోచిస్తూ నిలబడేది. ఆమె చెబుతుంటే వినీ వినీ శ్రీధరకు కూడా ఆఫీసులో పట్టుగూళ్ళు గవ్వల్లా కనిపించసాగాయి.

బెంగళూరులో ప్రకృతి యాత్రలు ఏర్పాటు చేసే గార్గి అనే అమ్మాయి వాళ్ళకు ఫోనులో అన్నీ వివరించింది. పౌర్ణమికి కొచ్చిలో ఓడ ఎక్కాలి. పగడాలను ముట్టుకోకూడదు. ఎండకని మందుల క్రీములు పూసుకుని నీళ్ళలో దిగకూడదు, కొబ్బరినూనె చాలు. ద్వీపంలో అడుగు పెట్టాలంటే ముందుగా పోలీసుల నుంచి ఒక కాగితం తెచ్చుకోవాలి.

శ్రీధర వెళ్ళేసరికి యశోదమ్మ అరుగు మీద చేటలో కందులు ఏరుతోంది. ద్వీపం అన్న మాటను మండికల్‌లో ఎవరూ అంత కష్టపడి పలకరు. శ్రీధర కూడా పలకలేదు.

"అత్తా, కార్తీక పున్నమికి లక్షదీపం పెట్టుకున్నాం."

యశోదమ్మ చేట కింద పెట్టింది. "నిజంగానా నాయనా?"

"ఎండాకాలం నుంచి అనుకుంటాండాం. అంబుజకి అదే ఆశ."

"మీరిద్దరే చేసుకుంటారా?"

"ఇద్దరమే. గలాటా లేకుండా, నెమ్మదిగా."

"అంత పెద్ద పని ఇద్దరితో యాడవుతాదప్పా. నేనుండాను గదా, అంతా నేను చూసుకుంటా." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇల్లు కాపలా కాయడానికి ఇంత సంతోషించే మేనత్త దొరకడం తన అదృష్టం అనుకుని శ్రీధర ఇంటికి వచ్చి, అనుకున్నట్టే పడుకున్నాడు. యశోదమ్మ మాత్రం పడుకోలేదు. ఆమె విన్నది లక్ష దీపాల ఉత్సవం. మేనల్లుడు ఊరి కోసం లక్షదీపోత్సవం చేయిస్తున్నాడన్న సంగతి ఆ సాయంత్రమే పాల డెయిరీకి చేరింది. డెయిరీకి చేరిన సంగతి పాలతో పాటు ప్రతి ఇంటికీ చేరింది.

మరుసటి రోజు అంబుజాక్షి నూనె గానుగ పిళ్ళప్ప దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, కల్తీ లేని కొబ్బరినూనె కావాల. లక్షదీపానికి."

"విన్నానమ్మా, శానా సంతోషం. ఎంత కావాల?"

"ఒక సీసా చాలు."

పిళ్ళప్ప నవ్వాడు. "లక్షదీపానికి సీసా నూనెనా తల్లీ?"

"ఎక్కువైతే నీళ్ళలో కలుస్తాదన్నా. చేపలకి మంచిది కాదంట."

పిళ్ళప్ప నవ్వు ఆగిపోయింది. ఎండిన చెరువులో రేపెప్పుడో నీళ్ళొస్తే వచ్చే చేపల గురించి కూడా ఇప్పుడే ఆలోచించే ఇల్లాలిని అతను ఇంతవరకూ చూడలేదు. సీసాకు డబ్బు తీసుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఒక టెంపో వచ్చి శ్రీధర ఇంటి వరండా నిండా నూనె డబ్బాలు దింపి వెళ్ళింది.

"ఇంత పూసుకుంటే మనం ఓడలోనుంచి జారిపోతాం," అన్నాడు శ్రీధర, డబ్బాల మధ్య దారి వెతుక్కుంటూ.

"పిళ్ళప్పన్నకి మనమంటే అభిమానం," అంది అంబుజాక్షి. ఆమె అప్పటికే మోచేతికి కొంచెం రాసుకుని వాసన చూసుకుంటోంది. కలలో ఉన్నవాళ్ళతో చిక్కు ఇదే. ఏది వచ్చి పడినా కలలో భాగమే అనుకుంటారు.

ఆ వారంలో శ్రీధర ఆఫీసుకు సెలవు పెట్టి పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. కానిస్టేబులు గిరీశ్ అతన్ని చూసి లేచి నిలబడి కుర్చీ వేశాడు. స్టేషన్లో అంత మర్యాద జరగడం శ్రీధరకు అదే మొదటిసారి.

"లక్షదీపానికి పరవానగి కావాల్నప్పా," అన్నాడు.

"రెడీగా ఉండాది సార్."

"నేనింకా అర్జీ ఇయ్యలేదే."

"పిళ్ళప్పన్న ఇచ్చిపోయినాడు. బండ్లన్నీ చెరువు కట్ట అవతల నిలపమని చెప్పిండాము. మైకు పదిగంటల దాకా పెట్టుకోవచ్చు."

శ్రీధర కాసేపు ఆలోచించాడు. "సముద్రంలో మైకెందుకప్పా?"

గిరీశ్ కూడా కాసేపు ఆలోచించాడు. "ఏ సముద్రం సార్? చెరువులో గదా చేస్తాండేది."

"ఏం చేస్తాండేది?"

"దీపోత్సవం. మీదే గదా సార్. మీ అత్త మా ఇంటికొచ్చి మా అమ్మకి కూడా పత్తి ఇచ్చిపోయింది, ఒత్తులు చేసేదానికి."

శ్రీధర ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. కందుల చేట, నూనె డబ్బాలు, దారిలో తనకు నమస్కారాలు పెట్టిన మనుషులు ఒక్కొక్కరే వచ్చి కళ్ళ ముందు వరుసగా నిలబడ్డారు. తర్వాత లేచి, అత్తకు నిజం చెప్పేయాలని నిశ్చయించుకుని నేరుగా ఆమె ఇంటికి నడిచాడు.

యశోదమ్మ ఇంటి నడవలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఒత్తులు చేస్తున్నారు. నేలంతా పత్తి. గాలి వీచినప్పుడల్లా అది నురుగులా లేచి గోడల దాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తోంది. ఆ మధ్యలో యశోదమ్మ ముఖం పదేళ్ళు చిన్నదైనట్టు కనిపించింది.

"రా నాయనా," అంది ఆమె. "చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చోని ఒక ఊర్లో చూసిండాను లక్షదీపం. ఆ ఊరు పేరు కూడా గుర్తులేదు. చూపు ఆనినంత దూరం దీపాలే. మళ్ళీ చూస్తానని అనుకోలేదురా. ఏదో చెప్పల్లని వచ్చినట్లుండావే?"

శ్రీధర ఒక ఒత్తి చేతిలోకి తీసుకున్నాడు. "ఏం లేదత్తా. ఒత్తులు బాగుండాయి."

ఇంటికి వచ్చి అంబుజాక్షికి జరిగినదంతా చెప్పాడు. ఆమె చేతిలో గార్గి పంపిన, ఓడ బొమ్మ ఉన్న కాగితం ఉంది.

"మరి అత్తకి నిజం చెప్పినారా?"

"చెప్పలేకపోయినాను."

"నేను పోయిండినా చెప్పేదాన్ని కాదులే," అని ఆమె కాగితాన్ని మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. గార్గికి ఫోను చేస్తే, ఫిబ్రవరిలో మరో ఓడ ఉందనీ, అప్పటికి మార్చవచ్చనీ చెప్పింది. అంబుజాక్షి సరేనంది. ఆ సాయంత్రం పిల్లలకు ఆమె ఎర్రగుట్టలను ఎర్రగానే వేయమని చెప్పింది. శ్రీధర మనసు కలుక్కుమంది.

పౌర్ణమినాడు ఎండిన చెరువు గర్భంలో దీపాలు వెలిగించారు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా వచ్చారు. చీకటి పడేవేళకు కట్ట మీద నిలబడ్డ అంబుజాక్షికి నేల కనిపించలేదు. వెలుగు మాత్రమే కనిపించింది. గాలి వచ్చినప్పుడు దీపాలన్నీ ఒక వైపుకు ఒరిగి, మళ్ళీ నెమ్మదిగా లేస్తున్నాయి. ఆ ఒరగడం ఈ చివర మొదలై అటు చివరి దాకా పాకిపోతోంది. ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. "అల అంటే ఇట్లే ఉంటాదేమో," అంది.

సరిగ్గా అప్పుడే పిళ్ళప్ప మైకులో శ్రీధరను పిలిచాడు. ఇంత గొప్ప ఆలోచన ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పాలన్నాడు. శ్రీధర ఇంకా ఆ వెలుగులోనే ఉన్నాడు. అబద్ధం తయారు చేసుకోవడానికి అతనికి వ్యవధి లేకపోయింది.

"నిజం చెప్పాలంటే," అన్నాడు మైకులో, "మేము పోవాలనుకున్నిది సముద్రానికి. దీపాల గురించి మాకు తెలీదు. మాకు కావాల్సిండేది సముద్రమే."

పిళ్ళప్ప మైకు మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకుని జనం వైపు తిరిగాడు. "విన్నారా. సంసార సముద్రం గురించి చెప్తాండారు సార్. అది దాటల్లంటే దీపమొకటే దారి."

జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన వచ్చి, శ్రీధర ఆపేలోపే అతని కాళ్ళకు దండం పెట్టాడు.

ఒక్క యశోదమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. జనం తగ్గాక మేనల్లుణ్ణి పక్కకు లాగింది. "ఏ సముద్రంరా?"

శ్రీధర చెప్పేశాడు. ఓడ, పగడాలు, తాబేలు, నూనె సీసా అన్నీ. అంబుజాక్షి తల వంచుకుని నిలబడింది. అత్త బాధపడుతుందని, బహుశా ఏడుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. యశోదమ్మ చెరువు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"నా కోసం మానుకున్నారా?"

ఫిబ్రవరిలో ఇంకో ఓడ ఉందని అంబుజాక్షి మెల్లగా చెప్పింది.

"అయితే నన్నూ పిలుచుకొని పోండి. మీకు తోడుగా ఉంటా. సముద్రమంటే మాటలా, ఎట్లుంటాదో ఏమో."

ఫిబ్రవరిలో ముగ్గురూ కొచ్చిలో ఓడ ఎక్కారు. తీరం కనుమరుగు కాకముందే శ్రీధరకు కడుపులో తిప్పింది. అంబుజాక్షికి అంతకు ముందే తిప్పింది. అన్నాళ్ళు కలలు కన్న సముద్రం మీద వాళ్ళు నిమ్మకాయ ముక్కలు ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని ప్రయాణం చేశారు. ద్వీపంలో దిగాక కూడా వాళ్ళకు నేల ఊగుతూనే ఉంది. కొబ్బరిచెట్ల నీడలో చాప పరుచుకుని పక్కపక్కన పడుకుంటే, నీళ్ళు ఇసుక మీదికి వచ్చి వెళ్ళే సన్నని శబ్దం మాత్రం వినిపించేది. అది కూడా కొంచెం దూరంగా ఉంటే బాగుండునని శ్రీధరకు అనిపించింది.

యశోదమ్మకు ఏమీ కాలేదు. మొదటి రోజు అడుగు అద్దంతో చేసిన పడవలో వెళ్ళి వచ్చింది. రెండో రోజు చీర కుచ్చిళ్ళు బిగించి, పైన లైఫ్ జాకెట్ తగిలించుకుని, ముఖానికి అద్దాలు పెట్టుకుని నీళ్ళలోకే దిగింది. తాబేలు తన పక్కనే వచ్చిందనీ, దాని ముఖం అచ్చం డెయిరీ కార్యదర్శి ముఖంలాగే ఉందనీ సాయంత్రం వచ్చి చెప్పింది. అంబుజాక్షి కళ్ళు తెరవకుండానే, అది ఏ రంగులో ఉందని అడిగింది.

చివరి రోజు పొద్దున పడవ వాళ్ళు కేక వేశారు. శ్రీధర పట్టుదలగా లేచి కూర్చుని, నీలంగా ఊగుతున్న నీళ్ళను ఒక్కసారి చూసి, మళ్ళీ వెనక్కి వాలాడు. యశోదమ్మ వంగి ఇద్దరి నుదుటి మీదా చెయ్యి వేసి చూసింది.

"మీరు పండుకోండి నాయనా," అంది జాకెట్ పట్టీ బిగించుకుంటూ. "సముద్రాన్ని నేను చూసుకుంటా."